కండిషన్స్ అప్లై స్టార్ గుర్తు గారికి

మహారాజశ్రీ కండిషన్స్ అప్లై స్టార్ గుర్తు గారి సముఖమునకు,

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక వినియోగదారుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ క్షేమమేనని నిన్న కళ్లారా చూశాం. చూడటానికి కొంచెం కష్టపడ్డామనుకోండి. జిమ్ కౌంటర్ దగ్గర కుర్రాడు కరపత్రం మీద గోరు ఆనించి మరీ చూపించినా తమరి దర్శనం కాలేదు. మా ఆవిడ ఫోన్‌లో ఫొటో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి, లైటు కిందకు జరిగితే అప్పుడు కనిపించారు. "గ్యారంటీ" అన్న మాట భుజం మీద, దోమ వాలినంత చోటులో, ఎవరికీ అడ్డం రాకుండా కూర్చుని ఉన్నారు.

ఆదివారం మధ్యాహ్నమండీ. అన్నం తిని కునుకు తీయాల్సిన మధ్యాహ్నం. "30 రోజుల్లో 10 కిలోలు, గ్యారంటీ, తగ్గకపోతే డబ్బు వాపస్" అన్నారు. తగ్గలేదు, వాపస్ ఇవ్వండి అని అడగడానికి వెళ్లాం. మేనేజర్ గారు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఉన్నారన్నారు. ఈ ఊళ్లో ఆ మాటకు తిరుగు లేదు, ఆదివారమైనా సరే. కూర్చున్నాం. ఎదురుగా గోడ మీద ఒకే మనిషివి రెండు ఫొటోలు. మొదటి దాంట్లో చొక్కా లేకుండా, ట్యూబ్‌లైట్ వెలుతురులో, పొట్ట వదిలేసి, ఏడుపు ముఖం. రెండో దాంట్లో ఒంటికి నూనె, పొట్ట లోపలికి, నవ్వు. రెండింటి మధ్య ఎంత కాలం గడిచిందో రాయలేదు. నా మధ్యాహ్నం మాత్రం మొత్తం వాళ్లిద్దరి మధ్యే గడిచింది.

మేమిద్దరం తెలుగులో గొణుక్కోవడం విని కౌంటర్ కుర్రాడు కరిగాడు. వాళ్లది మదనపల్లె అట. అప్పటిదాకా "సార్" అన్నవాడు కాస్తా, "నా చేతిలో ఏం లేదన్నా. స్టార్ ఉంది గదా, చూడన్నా" అన్నాడు. మంచి పిల్లవాడు, అడక్కుండానే మంచినీళ్లు కూడా ఇచ్చాడు. చూశాం. గ్యారంటీ కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. తమరి కింద ఉన్నది మాత్రం ఉత్త ఇంగ్లీషు. దాని సారాంశం: ఫలితాలు మనిషిని బట్టి మారతాయి. సరైన తిండి, వ్యాయామం, నిద్ర తోడైతేనే వర్తిస్తుంది. తగ్గిన బరువు నిలవాలంటే జీవన విధానం మారాలి.

ఎంత గొప్ప మాటలండీ. ఒక్క అక్షరం తప్పు పట్టడానికి లేదు. ఇవన్నీ నిజమైతే మరి పైనున్న అంకె ఏమిటి?

నిన్న రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. పది కిలోలకు 77,000. ముప్పై రోజులకు పంచితే రోజుకు 2,500 పైమాటే. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజు మొత్తానికీ కావాల్సిందే 2,110 కేలరీలు. కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు 1,660. నాలాంటి 82 కిలోల శాల్తీకి ఇంకో రెండు మూడు వందలు ఎక్కువ వేసుకోండి. అయినా చాలదు. అంటే నెల రోజులపాటు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా పడుకున్నా మీ పైఅంకె అందదు. పూర్తి ఉపవాసం ఉంటూ, దాని మీద రోజూ ఓ గంట వడివడిగా నడిస్తే అప్పుడు అందుతుంది. నడవడానికి మనిషి మిగిలితే.

ఈ గుణకారం, భాగహారం ఐదో తరగతి పిల్లలు చేస్తారు. ఆ కరపత్రం అచ్చు వేయించినవాళ్లకు తెలియదా? తెలుసు. నీకూ తెలుసు. అవును, ఇక "తమరు" అనడం నా వల్ల కాదు. నీకు తెలిసి, నోరు మూసుకుని ఆ మూలన కూర్చున్నావు. ఎవరైనా వచ్చి గట్టిగా అడిగితే "నేను ముందే చెప్పాను కదా" అనడానికి. చెప్పడమంటే వినపడేలా చెప్పడం. పన్నెండు వేలు కట్టించుకునేటప్పుడు కార్డు మిషన్ మీద అంకెలు ఎంత పెద్దగా కనిపించాయో తెలుసా?

మొదటి వారం సంగతైనా నువ్వు చెప్పి ఉండాల్సింది. అన్నం, ఇడ్లీ, దోశ అన్నీ మాన్పించారు. కాటా మీద మూడు కిలోలు చటుక్కున పడిపోయాయి. ట్రైనర్ అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. వాట్సాప్ గ్రూపులో నా పేరు పక్కన మంటల బొమ్మలు. ఇంతకీ జరిగిందేమిటంటే, కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకూ ఓ మూడు గ్రాముల నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీళ్లు బయటికి పోతాయి. అంటే తగ్గినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. అంతమంది నిలబడి చప్పట్లు కొట్టింది నేను బాత్రూమ్‌కు ఎక్కువసార్లు వెళ్లినందుకు. మా బావమరిది గృహప్రవేశంలో రెండు పూటలు పులిహోర తిన్నానో లేదో సగం తిరిగొచ్చాయి. గ్రూపులో మంటలు ఆరిపోయాయి. "సార్, చీట్ చేశారా?" అని ఒక ప్రైవేటు మెసేజ్ వచ్చింది. చీటింగ్ గురించి వాళ్లు నన్ను అడిగారు!

చెప్పులు విప్పించి ఎక్కించే ఆ మిషన్ ఒకటి. దాని లెక్కలో నా శరీరానికి యాభై నాలుగేళ్లట. ప్యాకేజీ వద్దని ఉంటే మా మామగారి వయసుకు తీసుకెళ్లి ఉండేది.

గోడ మీద ఇంకో బోర్డు: 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని. 1960లో ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. ముక్కు గురించి చెప్పిన మాట పొట్ట మీదకు ఎప్పుడు జారిందో గానీ, "కనీసం" మాత్రం దారిలో పడిపోయింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందితో ఒక అధ్యయనం చేసి 2009లో ప్రచురించారు. కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన కొంప మునగదని కూడా తేలింది. మా జిమ్‌లో మాత్రం ఒక్క రోజు ఎగ్గొడితే చాలు, మళ్లీ "డే వన్".

సరే, ఎలాగో ఆకలికి ఓర్చి నెలలో పది కిలోలు దించినవాడు ఒకడున్నాడనుకుందాం. వాడి గతేమిటి? అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి, 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లకు 41 కిలోలు తిరిగొచ్చాయి. అంతకన్నా ఘోరం, ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి, అదే సైజు మనుషులతో పోలిస్తే రోజుకు 500 కేలరీల దాకా తక్కువ. ఒకసారి కరువు చూసిన ఒళ్లు పొదుపు మానలేదన్నమాట. ఇది ఏ గోడ మీదా లేదు. నీ కింద కూడా లేదు.

నాకు అసలు టార్గెట్ ఇచ్చింది ఆఫీసు హెల్త్ చెకప్‌లో డాక్టరమ్మ. షుగర్ అంచు మీద ఉందని రిపోర్టు చూసి, టేపు పెట్టి నడుం కొలిచారు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదట, ఆడవాళ్లకు 80. నాది ఎంతో ఇక్కడ రాయను. "మీ బరువులో ఐదు శాతం తగ్గండి చాలు. నాలుగు కిలోలు. తీరిగ్గా, ఓ ఆరు నెలల్లో. షుగర్‌కీ బీపీకీ అదే మేలు చేస్తుంది" అన్నారు. నాలుగేనా అన్నాను. "నాలుగు తగ్గి, అలాగే ఉండి, తర్వాత రండి, చూద్దాం" అన్నారు. తార్నాక వాళ్ల మార్గదర్శకాల్లోనూ ఇదే ధోరణి: వారానికి అరకిలో తగ్గడం సురక్షితం, అంతకు మించి పరుగులు వద్దు. ఈ మాటతో కరపత్రం వేస్తే ఎవడు వస్తాడు? "ఆరు నెలల్లో 4 కిలోలు, కొన్ని వారాలు కాటా కదలదు, కంగారు పడకండి." ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రెండంతస్తుల అద్దె దీంతో వెళ్తుందా?

ఆ నాలుగు కిలోల కోసం ఇప్పుడు చేస్తున్నవి చెబితే నీకు నవ్వొస్తుంది. మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో అన్‌లిమిటెడ్ భోజనం, అది మానలేదు. వడ్డించే అతను మూడోసారి అన్నం గిన్నెతో వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతున్నా. కూర మాత్రం రెండోసారి అడుగుతున్నా, ఆకుకూర పప్పైతే మూడోసారి కూడా. మొదట్లో అతను నొచ్చుకున్నాడు, వంట బాగాలేదనుకుని. సాయంత్రం కాఫీ ఈ ఊరి పద్ధతిలో బైటూ, అంటే ఒక కాఫీ ఇద్దరికి. రాత్రి భోజనం తర్వాత అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కార్ల మధ్య నడక. ఫుట్‌పాత్ మీద నడవొచ్చు గానీ అక్కడ బైకులు వెళ్తుంటాయి. ఆదివారం పొద్దున కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ తిరిగి, దర్శిని అనే ఇక్కడి టిఫిన్ హోటల్లో ఖారాబాత్, కేసరిబాత్, అంటే మన ఉప్మా, కేసరి కలిపి ఇచ్చే చౌచౌబాత్ ఒక ప్లేటు తీసుకుంటాం, ఇద్దరికీ కలిపి. కేసరిబాత్ ఎవరికి ఎక్కువ వెళ్తోందన్న దాని మీద ఇంట్లో చర్చలు నడుస్తున్నాయి.

దీనికి చప్పట్లు లేవు, మంటల బొమ్మలు లేవు. ఒక కిలో తగ్గగానే మా అమ్మ మాత్రం అనంతపురం నుంచి వీడియో కాల్‌లో, "ఏం నాయనా, అట్లా చిక్కిపోయినావు, అది నీకు అన్నం పెట్టడం లేదా?" అంది. ఇప్పటిదాకా వచ్చిన గుర్తింపు అదొక్కటే. అది కూడా మా ఆవిడ పక్కనే ఉన్నప్పుడు.

నీ గురించి ఒక సంగతి కనిపెట్టాను. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కింద రాసే షరతు పైన చెప్పిన మాటను కొట్టేయకూడదు, పై మాట ఏ భాషలో ఉందో అదే భాషలో ఉండాలి, అదే ఫాంట్‌లో ఉండాలి అని అందులో ఉంది. అంటే నువ్వు ఆ మూలన ముడుచుకుని కూర్చోవడం నీ వినయం కాదు, వాళ్లు నిన్ను అలా కూర్చోబెట్టారు. కోపం సగం తగ్గింది. ఆ కాగితం మొత్తం మీద నిజం మాట్లాడింది నువ్వొక్కదానివే కదా. తిండి, నడక, నిద్ర, నిలిచే అలవాటు: డాక్టరమ్మ ఫీజు తీసుకుని చెప్పిందీ అదే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫిర్యాదు పెడుతున్నాను. మదనపల్లె కుర్రాడి ప్రస్తావన అందులో ఉండదు. నీ పేరు మాత్రం రాయక తప్పదు, ముద్దాయిగా కాదులే, సాక్షిగా. కరపత్రం కాపీ కోసం ఇవాళ జిరాక్స్ షాపుకు వెళ్తే, మామూలు సైజులో నువ్వు అసలు పడలేదు. షాపతను 200 శాతానికి పెంచాడు. అప్పుడు నీ కింద లైన్లన్నీ శుభ్రంగా వచ్చాయి గానీ, "10 కిలోలు" కాగితం బయటికి పోయింది. రెండూ ఒకే పేజీలో పట్టవు సార్, ఏది కావాలి అని అడిగాడు.

కిందదే ఇమ్మన్నాను.

ఇట్లు,
82 నుంచి బయల్దేరి, దారిలో ఉన్నవాడు