ఇంట గెలిచి, ఇంట్లోనే ఉండిపోయి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అందులో మొదటి సగం పూర్తి చేశానని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. మారతహళ్లిలోని మా పీజీ గదిలో, నేను తయారుచేస్తున్న మల్టీప్లేయర్ గేమ్‌ని ఒకే ల్యాప్‌టాప్‌లో నాలుగు విండోలుగా తెరిచి, నలుగురిగా ఆడాను. గెలిచింది నేనే. ఓడిన ముగ్గురూ నేనే. ఒక్కడు కూడా ఇంకొకడి అమ్మానాన్నల ప్రస్తావన తేలేదు. ఇంత మర్యాదగల ఆన్‌లైన్ మ్యాచ్ ఎవరైనా చూశారా?

ఒక విండో ఆట నడిపే సర్వర్, తక్కినవి దానికి కనెక్టయి ఆడే క్లయింట్లు. అందరూ వెళ్లేది 127.0.0.1 అనే చిరునామాకి, అంటే ఈ మెషీన్ నుంచి ఈ మెషీన్‌కే. ప్యాకెట్, అంటే డేటా మూట, గడప దాటదు, వైఫై మొహం చూడదు, మిల్లీసెకను తిరక్కుండా చేరిపోతుంది. బెంగళూరులో టైముకి చేరేది అదొక్కటే. కాబట్టి ల్యాగ్ (నెట్‌వర్క్ ఆలస్యం) అనేది గిట్టనివాళ్లు పుట్టించిన పుకారని తేల్చేశాను. కావాలని ఆలస్యం కల్పించి, ప్యాకెట్లు జారవిడిచి పరీక్షించే టూల్స్ ఉన్నాయి. విండోస్‌లో వాడే ఒకదాని పేరు క్లమ్సీ. బాగా పరిగెత్తే గుర్రానికి కాళ్లు కట్టి చూడమంటారు, అదేం సరదానో!

చిన్న చిన్న సంసార సమస్యలు లేకపోలేదు. గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో ‘రన్ ఇన్ బ్యాక్‌గ్రౌండ్’ టిక్కు పెట్టకపోతే, నేను క్లిక్ చేసిన విండోలోవాడికే ప్రాణం ఉంటుంది. మిగతావాళ్లు ఆటలో అరటిపండ్లు. సర్వర్ విండో వెనక్కి వెళ్తే లోకమే ఆగిపోతుంది. ఇక ప్లేయర్‌ప్రెఫ్స్, అంటే పేరూ సెట్టింగులూ దాచుకునే చోటు, సంగతి: ఒకే మెషీన్‌లో ఆ గేమ్ కాపీలన్నిటికీ అదొక్కటే. ఒకడికి సుబ్బారావని పేరు పెట్టి సేవ్ చేస్తే, మళ్లీ తెరిచేసరికి నలుగురూ సుబ్బారావులే. ఉమ్మడి కుటుంబంలో ఉమ్మడి టూత్‌బ్రష్ అన్నమాట.

ఫ్యాన్ మోతకి రూమ్మేట్ లేచాడు.

“ఏంట్రా, అర్ధరాత్రి నీతో నువ్వే కొట్టుకుంటున్నావా?”

“టెస్టింగ్‌రా.”

“నన్ను పిలవొచ్చుగా?”

ఆరు నెలలుగా ఈ ఆలోచన నాకు తట్టలేదు. రెండో మనిషి ప్రమాదకరం. నేను అనుకోని బటన్ నొక్కుతాడు. అయినా పెద్దమనసుతో బిల్డ్, అంటే ఆడటానికి సిద్ధమైన గేమ్ కాపీ, పంపించాను. ఇద్దరిదీ ఒకే వైఫై, మంచాల మధ్య మూడడుగులు. ‘జాయిన్’ నొక్కాడు. కనెక్ట్ కాలేదు. మళ్లీ నొక్కాడు. కాలేదు.

కోడ్ తెరిచి చూస్తే, చిరునామా దగ్గర నా చేత్తో నేనే రాసిన 127.0.0.1. వాడి మెషీన్‌లో దానికి అర్థం వాడి మెషీనే. పాపం, తన తలుపు తానే తట్టుకుంటోంది. లోపల తీసేవాళ్లు లేరు.

ఆ మాట వాడితో అన్నాను. కాసేపు ఆలోచించి, ఇంకో విండో తెరిచి, తన మెషీన్‌నే సర్వర్ చేసే ‘హోస్ట్’ నొక్కాడు. ఇప్పుడు వాడూ ఇంట గెలుస్తున్నాడు.