రాలిన పలకల చోటు ఖాళీగానే ఉండనివ్వాలి

ఆగ్రాలో యమునకు తూర్పు ఒడ్డున, ఇతిమాద్-ఉద్-దౌలా సమాధికి ఉత్తరంగా సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న చీనీ కా రౌజా దాకా వెళ్లే పర్యాటకులు తక్కువ. ఇక్కడ చీనీ అంటే మనం పింగాణీ అనేదే. షాజహాన్ వజీరు, కవి అయిన అఫ్జల్ ఖాన్ షిరాజీ బతికుండగానే కట్టించుకున్న సమాధి ఇది. 1639లో ఆయన లాహోరులో మరణించగా, ఇక్కడికి తెచ్చి ఖననం చేశారు. తాజ్‌మహల్ మీది ఖురాన్ వాక్యాలకు అక్షరరూపం ఇచ్చిన అమానత్ ఖాన్ ఈయన సోదరుడే.

పొరుగునున్న ఇతిమాద్-ఉద్-దౌలా సమాధిలో పాలరాతిలో రంగురాళ్లు పొదిగితే, ఇక్కడ ఇటుక గోడకు సున్నపు గచ్చు పూసి, దాని మీద మెరుగు పలకలు (గాజులాంటి మెరిసే పొర ఉన్న మట్టి పలకలు) పరిచారు. వీటిని ఒక్కో పలక మీద బొమ్మ గీసి కాల్చినవిగా పొరబడకూడదు. నీలం, పసుపు, ఆకుపచ్చ, నారింజ వంటి ఒక్కొక్క రంగుతో విడివిడిగా కాల్చిన పలకలను పువ్వు రేకు, ఆకు, తీగ ఆకారాలకు కోసి, ముక్కకు ముక్క చేర్చి అతికించారు. లాహోరు కోట గోడలనూ వజీర్ ఖాన్ మసీదునూ అలంకరించిన ఈ విద్యను కాశీకారీ అంటారు. అయితే గచ్చు పట్టు సడలితే పలక నిలవదు. మెరుగు పొర నీటిని బయటకు పోనివ్వదు కాబట్టి గోడలో చేరిన చెమ్మ, ఉప్పు వెనక నుంచే ముక్కలను తోసేస్తాయి. ఒకప్పుడు వెలుపలి గోడలన్నిటినీ కప్పిన అలంకరణలో ఇప్పుడు మిగిలింది కొంతే.

పోయిన పలకలను కొత్తగా చేసి అతికించాలనే వాదానికి ఢిల్లీలోని హుమాయూన్ సమాధి బలమైన ఉదాహరణ. 2013లో ముగిసిన పునరుద్ధరణలో అక్కడి ఛత్రీల (స్తంభాల మీద నిలిచే చిన్న గుమ్మటాల) మీది పలకలను పాత పద్ధతిలోనే తయారుచేయించి, ఆ విద్యలో స్థానిక యువతకు శిక్షణ కూడా ఇచ్చారు. ఆ పనిని నేను తప్పుపట్టను. అక్కడి పలకలది లెక్క ప్రకారం తిరిగి తిరిగి వచ్చే అమరిక. ఒకటి పోయినా పక్కదాన్ని చూసి కొలవవచ్చు. చీనీ కా రౌజాలో ప్రతి రేకూ పనివాడి చేతి కోత. రాలిన చోట ఏ వంపు ఉండేదో మిగిలిన ముక్కలు కచ్చితంగా చెప్పవు, కనుక కొత్తగా చేర్చేది మన ఊహే అవుతుంది.

హైదరాబాదులో మొహర్రం సంతాప మందిరమైన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను చూసినవారికి ఈ చిక్కు తెలిసే ఉంటుంది. 1908 మూసీ వరదలో పలకలు దెబ్బతిన్న కింది భాగంలో వాటిని పోలిన రంగులు పూశారు. అది అందంగా లేకపోయినా, ఏది అసలో ఏది పూతో కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

ఆగ్రాలో ముందు జరగవలసింది గోడల్లోకి చెమ్మ చేరకుండా చూడడం, ఊగుతున్న ముక్కల అంచులకు సున్నపు గచ్చుతో పట్టు ఇవ్వడం, మిగిలిన ప్రతి పలకనూ కొలిచి చిత్రించి భద్రపరచడం. బోసిపోయిన గోడ మీద నేటికీ కనిపించే గచ్చు, ఆ పలకలు ఎలా నిలిచాయో చూపే పాఠం. కొత్త మెరుగు కింద దాన్ని కప్పేస్తే అది మళ్లీ కనబడదు.