మెనూ కార్డు గారికి, ఒక కొత్తిమీర బాధితుడు వ్రాయునది

మహారాజశ్రీ మల్టీ క్యూజిన్ మెనూ కార్డు గారి సముఖానికి,

మొన్న ఆదివారం మధ్యాహ్నం తిరుపతిలో తమరి దర్శనం చేసుకున్న నలుగురిలో ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేం క్షేమమే, కాస్త గ్యాస్ తప్ప. తమరు కూడా లామినేషన్ చెక్కుచెదరకుండా, ఏడో పేజీ ఎనిమిదో పేజీ ఎవరిదో పాత గ్రేవీతో అతుక్కుపోయి, క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. ఆ అతుక్కున్నచోట ఏ దేశం ఉందో గోరుతో గీకి చూశాను. తేలలేదు.

తమరి దాకా రావడానికి మాకు యాభై నిమిషాలు పట్టింది. బయట స్టూలు మీద కూర్చున్న కుర్రాడు నోటుబుక్కులో పేరు రాసుకుని "పది నిమిషాలే సార్" అన్నాడు. తిరుపతివాళ్ళం, క్యూలు మాకు కొత్తా? కానీ కొండకి ఇచ్చే ఎస్‌ఎస్‌డీ ఉచిత దర్శనం టోకెన్ మీద ఎన్ని గంటలకు రావాలో అచ్చు వేసి ఉంటుంది. కొండ మీద కంపార్ట్‌మెంట్లో కూర్చోబెడితే పాలు ఇస్తారు, అన్నప్రసాదం పెడతారు, పైసా తీసుకోరు. ఇక్కడ అద్దంలోంచి లోపల తినేవాళ్ళని చూడ్డం ఒక్కటే ఉచితం. సరే, దేవుడికీ తమరికీ పోలికేంటి, వదిలేస్తున్నాను.

అసలు తప్పు నాదే అనుకోండి. ఇంటర్‌లో 950 దాటితే థాయ్ వంట తినిపిస్తానని పాపకి మాటిచ్చాను. 962 తెచ్చుకుంది. "చెన్నై పోదాం నాన్నా" అంది. మన ఊళ్ళోనే ఉండగా చెన్నై ఎందుకమ్మా అని తమరి ఫోటో ఫోన్లో చూపించింది నేనే. ఇరవై రెండు పేజీలు. ఇండియన్, చైనీస్, థాయ్, ఇటాలియన్, మెక్సికన్, అరేబియన్, ఆపైన కాంటినెంటల్. అది ఏ ఖండమో నా టెన్త్ క్లాసు అట్లాసులో దొరకలేదు. అడిగితే వెయిటర్ "కాంటినెంటల్ సాయంత్రం ఏడు తర్వాతే సార్" అన్నాడు. పగలు ఆ ఖండం ఉండదన్నమాట. అరేబియా శుక్ర, శనివారాలు మాత్రమే. టామ్ యమ్ సూప్ లేదు. రిసోట్టో అన్నప్పుడు ఆ అబ్బాయి నా వేలు ఎక్కడుందో చూసి, చదువుకుని, అప్పుడు లేదన్నాడు.

"గ్రీన్ కర్రీ ఉంది సార్. మా దగ్గర ఫేమస్."

ఆ మాటకి పాప ముఖం వెలిగిపోయింది. మా ఆవిడ రెడ్ సాస్ పాస్తా చెప్పింది, నేను మెక్సికన్ రైస్ చెప్పాను. అందరికీ కలిపి ఓ గోబీ మంచూరియా. మా అమ్మ తమరిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి, మూసేసి, "పెరుగన్నం తెచ్చిపెట్టు నాయనా" అంది. ఆ మధ్యాహ్నం మా టేబుల్ మీద తెలివైన ఆర్డరు అదొక్కటే.

గ్రీన్ కర్రీ వచ్చింది. తెల్ల పింగాణీ గిన్నె, మీద క్రీముతో ఒక సున్నా, సున్నా మధ్యలో ఒక కొత్తిమీర రెమ్మ. రంగు చూడగానే నాకెక్కడో చూసినట్టే అనిపించింది కానీ నోరు మెదపలేదు. పాప ఒక స్పూను తిని కిటికీ వైపు చూసింది. రెండో స్పూను తిని నీళ్ళు తాగింది. మా అమ్మ ఆ గిన్నె ముందుకు లాక్కుని, పులుసులో ఉప్పు చూసినట్టు రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత పోస్ట్‌మార్టం రిపోర్టు చదివింది.

"కొత్తిమీర. పుదీనా. పచ్చిమిరక్కాయ. జీడిపప్పు నూరినారు. ఇంత కొబ్బరి పడింది. నిన్న రాత్రి నూరినట్టుంది, ఆకు కనరెక్కింది. మన కొత్తిమీర ఊరిబిండే కదరా ఇది, నీళ్ళు పోసినారు అంతే. ఎంతంట?"

మూడొందల ఎనభై అయిదు, అన్నాను.

"ఊరిబిండికా?" మా వైపు రోటి పచ్చడిని అలాగే అంటాం.

పక్క టేబుల్‌వాళ్ళు తిరిగి చూశారు. వెయిటర్ పరిగెత్తుకొచ్చి "థాయ్ స్టైల్ అమ్మా" అన్నాడు. లెమన్‌గ్రాస్ వెయ్యలేదా అన్నా అని పాప మెల్లగా అడిగింది. అది చెన్నై నుంచి రావాలి, రెండు వారాలుగా సప్లై లేదు అన్నాడు. అమ్మ అదేమిటంది. పాప ఫోన్లో బొమ్మ చూపించింది. అమ్మ ఆ ఫోన్ని దూరంగా పెట్టుకుని చూసి, "నిమ్మగడ్డి! మన వాటర్ ట్యాంకు పక్కన కుండీలో ఉండేది ఇదే కదే. మోకాలెత్తు పెరిగితే మొన్ననే కోసి పారేస్తిని" అంది.

మెనూ కార్డు గారూ, ఇక్కడి దాకా నేను మర్యాదగానే ఉన్నాను. ఇంటికొచ్చి, నిద్రపట్టక, ఆ గ్రీన్ కర్రీ అనేది అసలేమిటో చదివాక మర్యాద పోయింది. ఇక నువ్వు అనే అంటాను.

వాళ్ళ భాషలో దాని పేరు కేంగ్ ఖియావ్ వాన్. ఆ పచ్చదనం ఆకులు నూరితే వచ్చేది కాదు, ముఖ్యంగా పచ్చిమిరపకాయల నుంచి వచ్చేది. వాటితోపాటు నిమ్మగడ్డి, అల్లంలాంటి దుంపరాష్ట్రం, ఒక రకం గరుకు నిమ్మకాయ తొక్క, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, ఎండు రొయ్యల ముద్ద రోట్లో వేసి దంచుతారు. చిక్కటి కొబ్బరిపాలు నూనె తేలేదాకా కాచి, ఆ నూనెలో ఈ ముద్ద వేయిస్తారు. ఇవన్నీ లేకపోతే పోనీ అనుకుంటాను. కానీ అందులో కొత్తిమీర కూడా ఉంది. ఏ భాగం అనుకున్నావు? వేరు! ఆకు కాదు, వేరు. కట్ట కొనగానే నీ వంటింట్లో చిటుక్కున తుంచి చెత్తబుట్టలో పడేస్తారే, ఆ వేరు. అంటే ఆ కూరకి కావలసినది నీ దగ్గరే ఉంది. దాన్ని పారేసి, అక్కర్లేని ఆకు నూరి నా కూతురికి పెట్టావు. ఇంత కచ్చితంగా తప్పు చెయ్యాలంటే కూడా ఏదో విద్య రావాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెయ్యి కడుక్కోవడానికని లేచాను. వాష్‌బేసిన్ పక్కనే వంటింటి తలుపు, అటూ ఇటూ ఊగే రకం. వెయిటర్ ట్రేతో దూసుకొచ్చినప్పుడల్లా ఓ మూడు సెకన్లు లోపల కనబడుతుంది. అది నాలుగుసార్లు తెరుచుకునేదాకా ఉన్న రెండు చేతులే కడుక్కుంటూ నిలబడ్డాను. పొయ్యి పక్కన మూడు పెద్ద స్టీలు డబ్బాలు. ఎర్ర గ్రేవీ, తెల్ల గ్రేవీ, పచ్చ గ్రేవీ. ఇందులో వింతేమీ లేదు, హోటల్ వంట అంటేనే అంత. పొద్దున్నే ఉల్లిపాయ, టమాటా ఉడకేసి ఎర్రది, జీడిపప్పు నూరి తెల్లది, ఆకులు నూరి పచ్చది చేసి పెట్టుకుంటేనే ఆదివారం రద్దీలో పావుగంటకి కూర బయటికొస్తుంది. పనీర్ బటర్ మసాలా ఎర్ర డబ్బాలోంచి, మలై కోఫ్తా తెల్ల డబ్బాలోంచి, హరియాలీ అనేవన్నీ పచ్చ డబ్బాలోంచి. అంతవరకు న్యాయమే. నేను చూస్తుండగా మాస్టర్ ఆ పచ్చ డబ్బాలోంచే ఓ గరిటె తీసి, కొబ్బరిపాల ప్యాకెట్ మూల పంటితో కొరికి పోసి, పెనాన్ని ఒక ఊపు ఊపి, "థాయ్!" అని కేకేశాడు.

అప్పుడు తిరిగొచ్చి మా ఆవిడ పాస్తా తిని చూశాను. రెడ్ సాస్‌లో కసూరీ మేథీ తగిలింది. ఇటలీలో కసూరీ మేథీ! నా మెక్సికన్ రైస్ అంటే ఫ్రైడ్ రైస్‌లో రాజ్మా, స్వీట్ కార్న్, ఆ ఎర్ర డబ్బాలోంచే రెండు గరిటెలు. ఒకే టేబుల్ మీద రోము, మెక్సికో సిటీ, పంజాబ్ ఒకే టమాటాని పంచుకుంటున్నాయి. తర్వాత ఆలోచిస్తే తట్టింది. ఇటలీ జెండా రంగులు పచ్చ, తెలుపు, ఎరుపు. మెక్సికోదీ అంతే. మాస్టర్ డబ్బాలూ అవే మూడు. పాపం, జెండా చూసే వండుతున్నాడేమో. మరి థాయిలాండ్ జెండాలో పచ్చ లేదు, ఎరుపు, తెలుపు, నీలం. నీలం గ్రేవీ ఇంకా ఎవరూ చెయ్యలేదు కాబట్టి ఏదో సర్దుకున్నాడు.

ఆ మాస్టర్ మీద నాకు కోపం లేదు. నాలుగు పొయ్యిలు, ఇద్దరు కుర్రాళ్ళు, ఏడు దేశాలు. ఎవరైనా అంతే చేస్తారు. ఆ దేశాలన్నీ ఆయన నెత్తిన పెట్టింది నువ్వు.

సంగటి తిని పెరిగినవాడు, వీడికి విదేశీ వంట అంటే పడదు అని నీ అనుమానం కావచ్చు. అదేం కాదు. మా ఊరి చెనక్కాయల ఊరిబిండి కన్నా మా సొంతమైనది ఏముంటుంది? అందులో చెనక్కాయ దక్షిణ అమెరికాది. మిరపకాయ కూడా ఆ అమెరికాల నుంచే పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. మదనపల్లె మార్కెట్లో లారీలకెత్తే టమాటా పుట్టిల్లూ అటువైపే. వచ్చినవాటిని మేం ఎప్పుడూ కాదనలేదు, ఇంటి పేరు పెట్టి కలుపుకున్నాం. ఆ మంచూరియానే చూడు. కలకత్తాలో పుట్టిన చైనీస్ వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో దాన్ని మొదలుపెట్టాడంటారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవే వేసి, గరం మసాలా వెయ్యాల్సిన చోట సోయా సాస్ పోశాడట. మంచూరియాలో ఎవరికీ దాని సంగతి తెలియకపోయినా నాకు బాధ లేదు. ఇప్పుడది మనది. సాయంత్రమైతే బండి దగ్గర, పేపర్ ప్లేటులో, టూత్‌పిక్‌తో గుచ్చుకుని తింటాం. నీ దగ్గర ఆ రోజు అందరం గీకి గీకి తిన్నది కూడా అదొక్కటే. బాగుంది. ఆ మాట దాచను.

నేను అడిగేది అంతే. "కొత్తిమీర కొబ్బరి కూర, మా మాస్టర్‌కి వచ్చినట్టు" అని రాయి. నూట ఎనభై పెట్టు. వస్తాం, తింటాం, ఇంకో గరిటె అన్నం అడుగుతాం. థాయిలాండ్ అని రాసి 962 మార్కుల పిల్లకి ఊరిబిండి పెట్టకు.

ఇక బిల్లు. అందులో సర్వీస్ చార్జి పది శాతం దానంతట అదే ఎక్కి కూర్చుంది. అలా వెయ్యకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అది సరే అంది. ఆ మాట అంటే మేనేజర్ కంప్యూటర్‌లో ఏదో నొక్కి, "సిస్టమ్‌లో వచ్చేస్తుంది సార్" అని నవ్వాడు. తీసేశాక కూడా జీఎస్టీతో 1,575 రూపాయలు. మా అమ్మ బిల్లు ట్రేలోని సోంపు మొత్తం టిష్యూ పేపర్లో పొట్లం కట్టి కొంగున ముడి వేసింది. ఆమె లెక్క ఆమెది.

సోమవారం సాయంత్రం బజారులో నాటుమందుల కొట్టుకి వెళ్ళాను. దుంపరాష్ట్రం యాభై గ్రాములు అడిగితే, "ఎవరికి సార్ దగ్గు?" అన్నాడు కొట్టాయన. థాయిలాండ్‌కి అన్నాను. ఎండుది, కొయ్యముక్కలా ఉంది, నానబెట్టాం. పాప కొత్తిమీర కట్ట వేర్లు కడిగింది. మిద్దె మీద నిమ్మగడ్డి అప్పటికే జానెడు చిగురు తొడిగింది. అమ్మ రోలు కడిగి కూర్చుంది. గంట దంచారు. రొయ్యల ముద్ద దొరకలేదు. అమ్మ ఎవరూ చూడనప్పుడు ఇంత చింతపండు పిసికి పోసింది. అడిగితే పొయ్యలేదంది.

థాయ్‌వాళ్ళు తింటే ఏమంటారో గానీ, పాప రెండుసార్లు వడ్డించుకుంది.

ఇట్లు,
తమరి చేత కొత్తిమీర వాసన చూస్తే ఉలిక్కిపడేలా చెయ్యబడిన
ఒక తిరుపతి వాస్తవ్యుడు

తా.క. వచ్చే నెల పాప పుట్టినరోజు. ఈసారి కాంటినెంటల్ కావాలంటోంది. ఏడు దాటాక వస్తాం. ఆ ఏడో పేజీ కాస్త తుడిచి పెట్టించండి.