చివర్లో వచ్చే పేర్లు

2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' అనే జపాన్ అనిమే (యానిమేషన్) సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. ఏ పాత్ర ఏ కత్తి పడుతుందో మన పిల్లలు ఠక్కున చెప్పేస్తారు. వాళ్లు ఇంట్లో చూసే అనిమే ఎపిసోడ్‌ను ఎవరు తీశారని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. పేర్లు మొదలయ్యేలోపే 'తర్వాతి ఎపిసోడ్' బటన్ వచ్చేస్తుంది.

జపాన్‌లో సిరీస్ మొత్తానికి ఒక డైరెక్టర్ ఉన్నా, ఒక్కో ఎపిసోడ్ బాధ్యత ఒక్కొక్కరిది. అంతకుముందే ఒకరు కూర్చుని స్టోరీబోర్డ్ గీస్తారు. షాట్ బొమ్మ, పక్కన కదలిక, మాట, ఎన్ని సెకన్లు అన్నీ అందులోనే ఉంటాయి. మన బాపు సినిమాకు ముందు షాట్లు గీసుకునేవారు కదా, అలాంటి పనే. కాకపోతే అక్కడ కెమెరా ముందు నటుడు ఉండడు. నడకైనా, మౌనమైనా ముందు ఆ కాగితం మీద పుట్టాల్సిందే.

అలా గీసినవారిలో ఒకరు యోషియుకి తొమినో. ఆయన 1964లో ముషి ప్రొడక్షన్ అనే అనిమే స్టూడియోలో చేరి, 'ఆస్ట్రో బాయ్' ఎపిసోడ్లతో ఈ పని నేర్చుకున్నారు. తర్వాత స్టూడియో స్టూడియోకూ తిరిగి స్టోరీబోర్డులు గీశారు. ఎంత గీశారంటే, కత్తివీరుడు వెయ్యిమందిని నరికినట్టు వెయ్యి స్టోరీబోర్డులను నరికాడని పేరొచ్చింది. 1974లో 'హైడీ' వారం వారం 52 ఎపిసోడ్లు వచ్చింది. డైరెక్టర్ ఇసావో తకహత, లేఅవుట్లు (షాట్‌లో ఏది ఎక్కడ ఉండాలో చూపే బొమ్మలు) హయావో మియజాకి. అందులోనూ చాలా ఎపిసోడ్లకు తొమినో గీశారు. కొండమీద మేకల మధ్య తిరిగే పిల్ల కథ అది. రోబోల యుద్ధాలతో పేరు తెచ్చుకోబోయే మనిషి దాన్నీ అంతే శ్రద్ధగా చేశారు.

1979లో ఆయన సొంత సిరీస్ 'గండమ్' మొదలైంది. రేటింగ్స్ రాక 43 ఎపిసోడ్లకే ఆపేశారు. కానీ పునఃప్రసారాలతో, రోబో బొమ్మల కిట్లతో, 1981 నుంచి వచ్చిన సినిమాలతో అదే జపాన్‌ను ఊపేసింది. పాత్ర తెరపై ఏ వైపు నుంచి ఏ వైపుకు కదిలితే చూసేవారికి ఎలా అనిపిస్తుందో ఆయన తర్వాత ఏకంగా పుస్తకమే రాశారు. ఆ చూపు ఒక్క హిట్‌తో వచ్చింది కాదు. పేరు ఎవరూ చదవని ఏళ్లలో, ఇతరుల సిరీస్‌లకు గీస్తూ సంపాదించుకున్నది.

అందుకే మా కోరిక ఒకటే. అనిమేను తెలుగులో అందిస్తున్న సంస్థలు డబ్బింగ్ చెప్పినవారితో పాటు, ఆ ఎపిసోడ్‌కు స్టోరీబోర్డ్ గీసినవారి పేరు, డైరెక్టర్ పేరు కూడా తెలుగు అక్షరాల్లో వేయాలి. ఆ పేర్లు వస్తున్నంతసేపైనా బటన్‌ను పక్కన పెట్టాలి.