సవరణ: 6 నెలలు కాదు, 24 నెలలు

అమెరికాలో ఇల్లు లేని ఒంటరి తల్లులు, తండ్రులకు పిల్లలతో సహా ఇచ్చే తాత్కాలిక వసతి గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

6 నెలల్లో ఖాళీ చేయాలన్నాను. కాదు. అక్కడి ఫెడరల్ గృహ శాఖ, అంటే హడ్, నిధులతో నడిచే ఇళ్లలో సాధారణంగా 24 నెలల వరకు ఉండొచ్చు. సొంతంగా ఇల్లు చూసుకుని వెళ్లాక కూడా సహాయ సేవలు 6 నెలల వరకు అందించవచ్చు. రెండూ కలిపేశాను.

రెండోది ఇంకా పెద్ద తప్పు. టీనేజ్ కొడుకుంటే వాణ్ణి వేరే చోట ఉంచాలని రాశాను. నిజానికి 18 ఏళ్లలోపు పిల్లల వయసో, ఆడా మగా అన్నదో చూపించి కుటుంబానికి చోటు లేదనడానికి హడ్ నిబంధనలు ఒప్పుకోవు. నా మాట నమ్మి ఎవరైనా అప్లికేషన్ పెట్టకుండా ఆగి ఉంటే ఆ తప్పు నాదే. ఆ వాక్యం తీసేశాను.