కోడికీ ఎండదెబ్బ తగులుతుంది

మే నెల మిట్టమధ్యాహ్నం గుత్తి నుంచి అనంతపురం వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడితే చాలు. ప్లాస్టిక్ ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చుకుని కోళ్ల బండ్లు వెళ్తుంటాయి. సందుల్లోంచి తలలు బయటికి వేలాడుతుంటాయి, ముక్కులు తెరిచే ఉంటాయి. కోడికి చెమట పట్టదు. రొప్పడం, రెక్కలు విప్పి ఒంటికి గాలి తగలనివ్వడం, వేడి తగ్గించుకోవడానికి దానికి తెలిసినవి ఇవే. ఇరుకు ట్రేలో రెక్క విప్పే చోటు కూడా ఉండదు.

ఇలా తీసుకెళ్లడం చట్టవిరుద్ధమని చాలామందికి తెలియదు. 1978 నాటి జంతు రవాణా నిబంధనల్లో 2001లో కోళ్ల కోసం విడిగా ఒక అధ్యాయం చేర్చారు. ఎండ, వాన నేరుగా తగలకూడదు. రోడ్డు ప్రయాణంలో పెట్టెలు ఒకదానిపై ఒకటి పెట్టకూడదు. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటితే అసలు తరలించనే కూడదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో ఈ చివరి నిబంధనను అక్షరాలా పాటిస్తే నెలల తరబడి బండి కదలదు. రాత్రిళ్లు కూడా 25కు దిగని రోజులుంటాయి. అంత పట్టుబట్టమని మేం అనడం లేదు. కానీ ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా కోళ్ల బండ్లు ఆపడం కష్టమేమీ కాదు.

బజారులో ఇంకో దృశ్యం ఉంది. కాళ్లు కట్టి, తలకిందులుగా పది పదిహేను కోళ్లను మోటారు సైకిల్‌కు వేలాడదీసుకుని పోతుంటారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కనుక అందులో తప్పు కనిపించడం మానేసింది. మనిషికి ఊపిరితిత్తుల కింద ఉండే విభాజక పొర (డయాఫ్రమ్) పక్షికి లేదు. తలకిందులు చేస్తే లోపలి అవయవాల బరువంతా గాలి తిత్తుల మీద పడుతుంది, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. నలభై రోజుల్లోనే రెండు కిలోలకు పెరిగే బ్రాయిలర్ కోడికి కాళ్లు అసలే బలహీనం, కీళ్లు ఊడిపోవచ్చు.

ఈ మాటలు చెప్పే జంతు సంక్షేమ కార్యకర్తలకు ఊరూరా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. పని కోసం బెంగళూరుకు వలసపోతున్న మనుషులకే దిక్కు లేదు, కోళ్ల గోల దేనికని. కరువు సీమలో ఆ ప్రశ్న అడిగినవారిని తప్పుపట్టలేం. కానీ కోడి బాధ రైతు బాధకు దూరమైనది కాదు. కంపెనీ కోళ్లను రైతు కూలికి పెంచి ఇచ్చే ఇంటిగ్రేషన్ పద్ధతిలో కోడిపిల్లలూ, మేతా, మందులూ కంపెనీవి. షెడ్డూ, కరెంటు బిల్లూ, కష్టమూ రైతువి. ఎండకు కోళ్లు రాలిపోతే రైతు చేతికొచ్చే పెంపకం కూలి తగ్గుతుంది. గోనెపట్టాలు తడిపి కట్టి, కప్పు మీద నీళ్లు చల్లి, కరెంటు పోతే షెడ్డులోనే జాగారం చేసేది ఆ కుటుంబమే. నీటిని మంచులా చిమ్మే ఫాగర్లు, ఫ్యాన్ల ఖర్చులో కంపెనీలు వాటా భరించాలి. కార్యకర్తలు కూడా రైతును దోషిగా నిలబెట్టే మాటలు మానుకుంటే మంచిది.

నాటుకోడి పులుసూ, రాగిసంగటీ మానేయమని ఈ పత్రిక ఎవరికీ చెప్పడం లేదు. తినేవాళ్లు తింటారు. చంపే ముందు దాన్ని గంటల తరబడి హింసించాల్సిన అవసరం ఏముంది అన్నదే మా ప్రశ్న. జంతువులకూ భయం, బాధ, ఆకలి లేకుండా బతికే స్వేచ్ఛలున్నాయని సుప్రీంకోర్టు 2014 మేలో జల్లికట్టు తీర్పులో చెప్పింది. గుడ్ల కోళ్లను ఇరుకు ఇనుప పంజరాల్లో కుక్కే పద్ధతి పోవాలని లా కమిషన్ 2017లో సిఫారసు చేసింది. ఐరోపా సమాఖ్య గూడు లాంటి వసతేదీ లేని అలాంటి ఉత్త పంజరాలను 2012లోనే నిషేధించింది. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మాత్రం తొలిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలే. పావుకిలో కోడికూర కూడా రాని సొమ్ముకు ఎవరు భయపడతారు?

జరిమానా పెంచాల్సింది పార్లమెంటు. అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. జిల్లాకొక జంతు హింస నివారణ సంఘం ఉండాలని 2001లోనే విడిగా వచ్చిన మరికొన్ని నిబంధనలు చెబుతున్నాయి. అనంతపురం, కర్నూలు, కడప కలెక్టర్లు వచ్చే మార్చిలోపు ఆ సంఘాలను కూర్చోబెట్టి, పగటిపూట కోళ్ల రవాణాపై ఆంక్షలు ప్రకటించాలి. చికెన్ దుకాణాల ముందు ట్రేలకు నీడ, నీళ్లు ఉన్నాయో లేదో మున్సిపల్ సిబ్బంది చూడాలి. అంగన్‌వాడీలకూ, బడి భోజనానికీ గుడ్లు కొనేది ప్రభుత్వమే కాబట్టి, కోడికి రెక్క విప్పే చోటు ఉండాలన్న షరతును టెండర్లలో చేర్చే అధికారం కూడా దాని చేతిలోనే ఉంది.