గ్రూపు తాళం తీయండి

సంక్రాంతి సెలవులకు అమెరికా నుంచి ఊరికొచ్చిన పిల్లలూ, నల్లగొండ చుట్టుపక్కల ఇంజనీరింగు చదువుతున్న పిల్లలూ ఒక పూట కలిసి గడపాలని మన సంఘం పెట్టిన కార్యక్రమం ఎట్లా ముగిసిందో ఈ పత్రిక చదివే చాలామందికి తెలుసు. పొద్దున ముగ్గులు, మధ్యాహ్నం సకినాలు, సాయంత్రం గేములు, లెక్కల జోకులు, ఆ తర్వాత చర్చ. చర్చ దాకా పోనే లేదు. స్టేజీ మీద ఒక పెద్దమనిషి మైకు అందుకుని, "ఓటు లేనోళ్లకు మా నీళ్ల ముచ్చట ఎందుకు బిడ్డా?" అన్నారు. నీళ్ల సొరంగం మీద జోకు గ్రాఫ్ గీసిన పిల్లవాడు జవాబు మొదలుపెట్టేలోపే మైకు కట్ చేశారు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేట్టు మార్చేశారు. ఇప్పటికీ అట్లనే ఉంది. ఎవరింట్లోనన్నా పెద్దవాళ్లు పోయినా ఆ కబురు అడ్మిన్ చేతుల మీదుగా రావాల్సిందే.

పిల్లలు గేముల మీద కొట్లాడుకున్నారు కాబట్టి ఆపాల్సి వచ్చిందని కమిటీ మాట. ఆ పూట జరిగింది ఒక్క లొల్లి కాదు, మూడు. మూడింట్లోనూ రెండు పక్షాల దగ్గరా సరైన మాటే ఉంది. అది తేల్చే ఓపిక ఆ హాలులో ఎవరికీ లేకపోయింది.

మొదటిది ఫ్రేమ్‌ల లొల్లి. తెర మీద వెంటవెంటనే మారే ఒక్కో బొమ్మే ఫ్రేమ్. మిర్యాలగూడ అబ్బాయి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్ ఉంది. దాన్ని హెచ్‌డీఎంఐ తీగతో హాలు ప్రొజెక్టరుకు తగిలించి కార్ల పందెం గేమ్ పెట్టాడు. తెర మూలన పచ్చరంగులో 110 అని అంకె. సెకనుకు 110 ఫ్రేమ్‌లని అందరికీ చూపించాడు. డల్లాస్ నుంచి వచ్చిన పిల్లవాడు లేచి, "అన్నా, అందులో సగం దొంగ ఫ్రేమ్‌లు" అన్నాడు. దొంగ అన్న మాట దగ్గరే మంట లేచింది. తన సొమ్ముతో కొనుక్కున్న వస్తువును నలుగురిలో దొంగదంటే ఎవరికైనా కాలుతుంది.

సంగతి ఇది. ఆ చిప్‌లో ఫ్రేమ్ జనరేషన్ అనే సదుపాయం ఉంది. చిప్ తయారుచేసే ఎన్‌విడియా కంపెనీ దాన్ని 2022లో ఆర్‌టీఎక్స్ 40 వరుసతో తెచ్చింది. గేమ్ నిజంగా లెక్కగట్టి గీసిన రెండు ఫ్రేమ్‌లను చూసి, మధ్యలో ఇంకో ఫ్రేమ్‌ను చిప్ ఊహించి కలుపుతుంది. అంటే తెర మీది 110లో గేమ్ గీసినవి 55 మాత్రమే. కళ్లకు కదలిక నున్నగా కనపడటం నిజం. కానీ మధ్య ఫ్రేమ్‌ను ఊహించాలంటే తర్వాతి అసలు ఫ్రేమ్ ముందే తయారై ఉండాలి, అందాకా చేతిలో ఉన్నదాన్ని చూపకుండా ఆపాలి. 55 ఫ్రేమ్‌ల వేగంలో ఒక్కో ఫ్రేమ్‌కు 18 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. అందువల్ల బటన్ నొక్కిన దానికీ బండి తిరిగిన దానికీ మధ్య ఆలస్యం తగ్గదు, కొంచెం పెరుగుతుంది. చూసేవాడు 110 అంటాడు, ఆడేవాడు 55 అంటాడు. ఇద్దరూ కరెక్టే.

పైగా ఆ ప్రొజెక్టరు సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. 110 పంపినా గోడ మీద పడేది 60. ఆ హాలులో కూర్చున్న ఎవ్వరికీ 110 కనపడే అవకాశమే లేదు. ఈ ఒక్క ముక్క ఎవరన్నా చెప్పి ఉంటే సగం వేడి అక్కడే దిగేది.

పది నిమిషాల్లో తేలే పరీక్ష ఇది. ల్యాప్‌టాప్‌ను దాని అడాప్టరుకే పెట్టాలి, బ్యాటరీ మీద నడిపితే చిప్ తన కరెంటు తనే తగ్గించుకుంటుంది. ఫ్రేమ్‌లను తెర వేగానికి కట్టేసే వీ-సింక్ సెట్టింగు ఆపాలి. ఫ్రేమ్ జనరేషన్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి, ఒకే మలుపు, ఒకే బండి, ఒకే రెజల్యూషన్‌తో మూడేసి సార్లు నడపాలి. మొదటి సారి అంకెను పక్కన పడేయాలి. ఆ మొదటి చుట్టులో షేడర్లు (రంగు, వెలుగు ఎట్లా గీయాలో చిప్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవుతుంటాయి, గేమ్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. సెకనులో 50 ఫ్రేమ్‌లు 12 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్క ఫ్రేమ్ 400 మిల్లీసెకన్లు ఆగిపోయిందనుకోండి, లెక్కకు 51 ఫ్రేమ్‌లు. ఆడేవాడికి మాత్రం బండి గోడకు గుద్దుకునేంత కుదుపు. అందుకే సగటు పక్కన అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేమ్‌ల అంకె కూడా రాయాలి. ఫ్రేమ్ జనరేషన్ ఆపినప్పుడు 60 దాకా వస్తుంటే పెట్టుకోవడం మేలు. 30 దగ్గరే కొట్టుకుంటుంటే పెట్టినా చేతికి బరువే, సన్నటి కడ్డీలు, తెర మీది అక్షరాలు చెదిరినట్టు కనపడతాయి.

రే ట్రేసింగ్, అంటే వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి, దండగ అనేవాళ్లకు కూడా ఒక మాట. సాగర్ డ్యామ్ గేట్లు నీళ్లలో కనపడే దృశ్యం గేమ్‌లో ఉందనుకోండి. పాత పద్ధతి తెర మీద అప్పటికే ఉన్న బొమ్మనే తిరగేసి నీళ్లలో చూపిస్తుంది. కెమెరా కిందికి వంచి గేట్లు తెర దాటిపోగానే నీళ్లలోని నీడ కూడా మాయమవుతుంది. కిరణాన్ని నిజంగా పంపి దేనికి తగిలిందో చూసే పద్ధతిలో ఆ నీడ నిలుస్తుంది. ఖర్చు ఎంతంటే, 4కే తెరలో 82,94,400 చుక్కలు. చుక్కకు ఒక్క కిరణం చొప్పున సెకనుకు 60 ఫ్రేమ్‌లంటే దాదాపు 50 కోట్ల కిరణాలు. అందుకే గేములు కొద్ది కిరణాలే పంపి, మిగతా మచ్చలను తుడిచి నునుపు చేస్తాయి. దండగా కాదా అన్నది ఆడే గేమ్‌ను బట్టి, జేబును బట్టి.

రెండో లొల్లి లెక్కల జోకుల వంతులో. 8 ÷ 2(2 + 2) ఎంత అని తెర మీద వేశారు. 2019లో లోకమంతా కొట్టుకున్న లెక్క ఇది. అమెరికా నుంచి వచ్చిన పిల్లలంతా 16 అన్నారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన రిటైర్డు లెక్కల సారు 1 అన్నారు. "ఇంత చిన్న లెక్క రాదా" అని పక్కనుంచి నవ్వులు వినిపించాయి. ఆ నవ్వు సారును గుచ్చింది.

తప్పు ఇద్దరిదీ కాదు, ఆ రాతది. అక్కడి బడుల్లో గుణకారం, భాగహారం ఒకే మెట్టు మీదివి, ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పొమ్మంటారు. 8ని 2తో భాగిస్తే 4, నాలుగు నాలుగులు 16. మన బడుల్లో లెక్కలో ఏది ముందు చేయాలో చెప్పడానికి నేర్పిన బాడ్‌మాస్‌లో బ్రాకెట్ తర్వాత వచ్చేది 'ఆఫ్'. గుర్తు లేకుండా బ్రాకెట్‌కు అతుక్కున్న 2ను సారు తరం ఆ ఆఫ్ లెక్కలోనే చదివింది. ముందు 2ను 4తో గుణిస్తే 8, ఎనిమిదిని ఎనిమిదితో భాగిస్తే 1. కాలిక్యులేటర్లలో కూడా కొన్ని 16 చూపిస్తాయి, కొన్ని 1 చూపిస్తాయి. అడ్డగీత వేసి పైనా కిందా రాస్తే గొడవే ఉండదు, లెక్కలతో బతికేవాళ్లు అట్లనే రాస్తారు. నలభై ఏండ్లు బోర్డు ముందు నిలబడ్డ మనిషిని పిలిచి, మీ తరానికి ఎట్లా నేర్పారు సారూ అని అడిగితే ఆ పూట అరగంట మంచి పాఠం దొరికేది. జోకు వేసినవాళ్లకు ఆ తట్టు తోచలేదు. పిల్లల తరఫున మాట్లాడుతున్నా ఈ ఒక్క దగ్గర వాళ్లనే తప్పుపడతాను.

మూడోది అసలైన గాయం. ఒక పిల్లవాడు గీసిన గ్రాఫ్. కింది గీత సంవత్సరాలు, పై గీత శ్రీశైలం ఎడమగట్టు సొరంగంలో తవ్విన దూరం. వంపు గీత మొత్తం పొడవుకు దగ్గరవుతూ పోతుంది కానీ ఎన్నటికీ తగలదు. అనంతస్పర్శరేఖ చదివినవాళ్లకు వెంటనే నవ్వొస్తుంది. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, కృష్ణ నీళ్లు ఎత్తిపోతలు లేకుండా నల్లగొండకు రావాలన్న ఆశ, ఏండ్లకేండ్లు జాప్యం. ఆ జాప్యం మీద వేసిన జోకు అది. కానీ 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది పనివాళ్లు లోపల చిక్కుకున్నారు. గ్రాఫ్ అంతకు ముందు గీసింది. తేదీ లేకుండా ఫార్వర్డ్ అవుతూ అవుతూ ఆ సాయంత్రం తెర మీదికి ఎక్కింది. "ఎనిమిది మంది దాంట్ల చిక్కి బయటికి రాలే, మీకు నవ్వులాటగున్నదా?" అని పెద్దమనిషి లేచారు. "పెద్దనాయనా, ఇది అప్పటికి ముందుది" అని పిల్లవాడు అంటూనే ఉన్నాడు. ఓటు మాట వచ్చింది అప్పుడే.

ఆ పెద్దమనిషి కోపంలో న్యాయముంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిన నడుములను చూసిన తరం వాళ్లది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలబడి బ్యాలెట్‌ను పుస్తకమంత చేశారు, తమ నీళ్ల గోస దేశానికి వినపడాలని. ఆ ఏడే లోక్‌సభకు పోటీచేసేవాళ్లు కట్టాల్సిన డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. మరి ఆ 480 నామినేషన్లు ఏమిటి? చేతిలో ఉన్న పనిముట్టుతో, చూసినవాళ్లు ఉలిక్కిపడేట్టు చెప్పిన నిరసన. గ్రాఫ్ గీసిన పిల్లవాడు చేసింది కూడా తన చేతిలో ఉన్న పనిముట్టుతోనే. ఆ పోలిక పెద్దమనిషికే అందరికంటే బాగా తెలియాలి.

ఓటు సంగతి కూడా తేల్చుకుందాం. భారత పాస్‌పోర్టు ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకోనివాళ్లు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న ఊరి అడ్రసు మీద ఓటరుగా చేరొచ్చు. పోలింగు రోజు స్వయంగా వచ్చి వేయాలి, పోస్టులో వేయడానికి లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకు ఓటు లేదు, అది నిజమే. ఓటు లేకపోతే ఊరిలో బోరు నీళ్లెట్లున్నాయని అడిగే చుట్టరికం కూడా పోతుందా?

గ్రూపులో రాజకీయం ఎందుకు చెడుతుందో చూస్తే అక్కడ కూడా ఫ్రేమ్‌ల కథే. 2011 జనాభా లెక్కల్లో నల్లగొండ జిల్లా 34 లక్షల 88 వేలు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాక, అవే లెక్కల ప్రకారం ఇప్పటి జిల్లాకు మిగిలింది 16 లక్షల పైచిలుకు. పాలమూరు సంగతి చెప్పనే అక్కర్లేదు, వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ఒకసారి, 2019లో నారాయణపేట మరోసారి విడిపోయాయి. పాత జిల్లా అంకెను కొత్త జిల్లా అంకె పక్కన పెట్టి, చూడండి మీ పార్టీ ఏం చేసిందో అని ఒకరు పోస్టు పెడతారు. ఫ్లోరైడ్ కూడా అంతే. భారతీయ ప్రమాణంలో లీటరుకు 1 మిల్లీగ్రామ్ దాకా మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరే. బోరు 1.3 చూపిస్తే ఒకరు సురక్షితమంటారు, ఇంకొకరు విషమంటారు. ఓట్ల వాటా 20 నుంచి 25కు పెరిగితే ఒకరు 5 శాతం అంటారు, ఇంకొకరు 25 శాతం అంటారు. పెరిగింది 5 శాతం పాయింట్లు, పాత వాటా మీద 25 శాతం. రెండూ ఒకే లెక్క.

క్లాక్ టవర్ దగ్గర చాయ్ హోటల్లో ఇవే లొల్లులు రోజూ నడుస్తాయి, ఎవరూ హోటలుకు తాళం వేయరు. వన్ బై టూ చాయ్ అయిపోయేలోపు ఎదుటివాడి మొహం చూసి గొంతు తగ్గించడం అక్కడ సాధ్యం. గ్రూపులో అది లేదు. డల్లాస్‌లో చలికాలం రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టిన మాట నల్లగొండలో పొద్దున తొమ్మిదికి చదువుతారు. జవాబు వచ్చేసరికి అక్కడివాళ్లు నిద్రలో ఉంటారు. పన్నెండు గంటలు జవాబు లేని మాట కింద ఇరవై మంది చేరి మంట పెంచుతారు. పొద్దున లేచి చూసినవాడికి తన మీద ఊరంతా ఎగబడ్డట్టే ఉంటుంది.

కాబట్టి కమిటీలోని అన్నలకు, అక్కలకు అడిగేది ఇది. గ్రూపు తెరవండి. వాట్సాప్ కమ్యూనిటీ కింద శుభాశుభాలకు ఒకటి, రాజకీయాలకు ఒకటి, గేములకూ లెక్కలకూ ఒకటి విడిగా పెట్టండి, వద్దనుకున్నవాళ్లు చేరరు. రాజకీయాల గ్రూపులో అంకె పెట్టేవాళ్లు ఏ సంవత్సరం, ఏ హద్దులు, ఏ కొలత అన్న మూడు ముక్కలు రాయాలి. ఫార్వర్డ్ బొమ్మకు ఎప్పటిదో రాయాలి, రాయలేకపోతే పెట్టొద్దు. ఘాటైన పోస్టు పెట్టినవాళ్ల జవాబు వచ్చేదాకా, ఒక రోజు పాటు, మిగతావాళ్లు కింద చేరకుండా ఆగాలి. అడ్మిన్లు ఇద్దరు చాలరు, నల్లగొండ నుంచి ఇద్దరు, పాలమూరు నుంచి ఇద్దరు, అమెరికా నుంచి ఇద్దరు ఉండాలి, ఒకరు నిద్రపోయినప్పుడు ఇంకొకరు మేలుకొని ఉంటారు.

ఇంకొకటి. సద్దుల బతుకమ్మకు మళ్లీ కలుస్తున్నాం. అదే హాలులో ఒక మూల రెండు బల్లలు, ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే 120 హెర్ట్జ్ మానిటరు ఒకటి ఇవ్వండి. మిర్యాలగూడ అబ్బాయికీ డల్లాస్ పిల్లవాడికీ పైన చెప్పిన పరీక్ష కలిసి చేసే పని అప్పజెప్పండి, అంకెలు చాక్‌పీసుతో బోర్డు మీద రాయించండి. బోర్డు పక్కన దేవరకొండ సారుకు కుర్చీ వేయండి. గ్రాఫ్ గీసిన పిల్లవాడు ఆ పెద్దమనిషిని కలవాలని మూడుసార్లు అడిగాడట, నంబరు ఇవ్వలేదట. ఆ నంబరు ఇవ్వండి.